మీకు తెలుసా? చలికొండ దిగాక ఘాటు చారు

జపాన్ ఉత్తరాన హొక్కైడో దీవి, అందులో సపోరో నగరం. అక్కడ పగలంతా కొండవాలు మీద స్కీయింగ్ చేసి, వేళ్లు కొంకర్లు పోయి దిగివచ్చినవాళ్లు సాయంత్రం ఇష్టంగా తినేది ‘సూప్ కర్రీ’. పల్చటి మసాలా రసం, అందులో మునిగీ మునగని పెద్ద పెద్ద కూరగాయ ముక్కలు, ఒక కోడికాలు, పక్కన వేరే పళ్లెంలో అన్నం. నాలుగు చెంచాలు లోపలికి వెళ్లేసరికి నుదుటి మీద చెమట పుడుతుంది.

మన ఊరు రావికమతంలో స్కీయింగ్ లేదు, మంచు కురవదు. కానీ చలికొండ మనకు దగ్గరే. బి.ఎన్. రోడ్డు మీద రోలుగుంట దాటి, నర్సీపట్నం చేరి, అక్కడి నుంచి ఘాట్ ఎక్కితే లంబసింగి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చెరువులవేనం కొండ మీద మేఘాలు చూడ్డానికి వెళ్లి, పళ్లు టకటక కొట్టుకుంటూ దిగివచ్చేవాళ్లు ఎందరో. వాళ్లకు ఆ పూట ఏం తింటే ఒంటికి మంచిదో సపోరో వాళ్లు చెప్పగలరు. మన అమ్మమ్మలూ చెప్పగలరు. ఇద్దరి జవాబూ దాదాపు ఒకటే.

కొట్టు పేరు అజంతా

సూప్ కర్రీకి మూలం అని చెప్పుకునే వంటకం 1970ల్లో సపోరోలో ఒక చిన్న కాఫీ హోటల్‌లో మొదలైంది. ఆ హోటల్ పేరు ‘అజంతా’. అక్కడ దాన్ని ఔషధ కర్రీ అనే అర్థం వచ్చే పేరుతో అమ్మేవారు. కోడిని ఉడికించి తీసిన రసంలో మన మసాలా దినుసులు, చైనా వైద్యంలో వాడే మూలికలు కలిపి కాచేవారు. మొదట్లో ఇచ్చింది ఉత్త రసమేనట. అది కాచడానికి వాడిన కోడిముక్కలు, కూరగాయలు కూడా మాకే పెట్టండని తినేవాళ్లు అడిగాక అవీ గిన్నెలోకి వచ్చాయని చెబుతారు. కష్టపడి వచ్చినవాడికి ఉత్త నీళ్లతో ఆకలి తీరదు కదా, అడిగినవాళ్లదే న్యాయం.

ఇప్పటి పేరు మాత్రం 1993లో తెరిచిన ‘మ్యాజిక్ స్పైస్’ అనే మరో సపోరో హోటల్‌ది. దాని యజమానికి ఇండోనేసియాలో తిన్న ‘సోతో ఆయం’ అనే కోడి పులుసు ప్రేరణ. కారం ఎంత కావాలో అక్కడ మెట్లు మెట్లుగా చెప్పాలి. ఆ మెట్లకు పెట్టిన పేర్లలో మేలుకొలుపు, ధ్యానం, నిర్వాణం కూడా ఉన్నాయి! అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ స్తూపాలు చూసినవాళ్లకు నిర్వాణం అనే మాట కొత్తది కాదు. బుద్ధుడితో పాటు ఇక్కడి నుంచి తూర్పుకు వెళ్లిన ఆ మాట ఇప్పుడు కారం కొలవడానికి పనికివస్తోంది.

2000 తర్వాత ఈ వంటకం జపాన్ అంతా పాకింది. అయినా దాని ఇల్లు సపోరోయే.

దప్పళం తిన్నవాళ్లకు తెలిసిందే

జపాన్‌లో మామూలుగా ఇళ్లలో వండే కర్రీ చిక్కగా, గోధుమపిండి వేయించి కలిపినందువల్ల గరిటెకు అంటుకునేలా ఉంటుంది. సూప్ కర్రీలో పిండి ఉండదు. అందుకే అది మన దప్పళానికి చుట్టం అనిపిస్తుంది: పల్చటి రసం, పెద్ద ముక్కలు, మసాలా వాసన. ముక్కల జాబితా చూడండి. బంగాళాదుంప, క్యారెట్, వంకాయ, గుమ్మడి, బెండకాయ, తామరదుంప, సగానికి కోసిన ఉడికిన గుడ్డు. తామరదుంప ఒక్కటి పక్కన పెడితే మిగతావన్నీ రావికమతం సంతలో దొరికేవే.

రెండు తేడాలున్నాయి. మనం ముక్కల్ని పులుసులోనే ఉడికిస్తాం. వాళ్లు చాలా ముక్కల్ని పిండిలో ముంచకుండా ఉత్తనే నూనెలో వేయించి, వడ్డించే ముందు రసంలో వేస్తారు. అందువల్ల ముక్క మెత్తబడి చితికిపోదు, రంగు పోదు, దేని రుచి దానికే ఉంటుంది. ఇక రెండోది తినే తీరు. మనం అన్నం మీద పులుసు పోసుకుంటాం, వాళ్లు చెంచాడు అన్నం తీసి రసంలో ముంచుకుని తింటారు. చివరిదాకా అన్నం పొడిపొడిగా, రసం వేడిగా మిగలడానికి ఈ పద్ధతి బాగుంటుంది. ఇంట్లో ఒకసారి చేసి చూడండి.

హొక్కైడోలో ఇది పుట్టడానికి అక్కడి నేల కూడా ఒక కారణం. జపాన్‌లో బంగాళాదుంపలు, ఉల్లిపాయలు అందరికన్నా ఎక్కువ పండించేది ఆ దీవే.

కర్రీ జపాన్‌కు మన దగ్గర్నుంచి నేరుగా పోలేదు

కర్రీ మొదట బ్రిటన్ చుట్టి వెళ్లింది. భారతదేశంలో నేర్చుకున్న కూరల్ని ఇంగ్లీషువాళ్లు ఒక పొడిగా మార్చి డబ్బాల్లో పెట్టి అమ్మారు. జపాన్ వంట పుస్తకాల్లో కర్రీ తయారీ 1872లోనే అచ్చయింది. తర్వాత వాళ్ల నౌకాదళం దాన్ని తలకెత్తుకుంది. ఇప్పటికీ జపాన్ నౌకల మీద శుక్రవారం కర్రీ వండే ఆనవాయితీ ఉంది.

నేరుగా వెళ్లిన కూర కూడా ఒకటుంది. స్వాతంత్ర్య సమరయోధుడు రాస్ బిహారీ బోస్ 1915లో జపాన్ చేరి తలదాచుకున్నారు. టోక్యోలోని నకమురాయా అనే రొట్టెల దుకాణం కుటుంబం ఆయనకు ఆశ్రయమిచ్చింది, ఆ ఇంటి అమ్మాయినే పెళ్లి చేసుకున్నారు. 1927లో ఆ దుకాణం భోజనశాల తెరిచినప్పుడు బోస్ చెప్పిన పద్ధతిలో అసలైన భారతీయ కోడికూర పెట్టారు. ఆ కూర నేటికీ అక్కడ అమ్ముతున్నారు. ఒక విప్లవకారుడు పరాయి దేశంలో తన ఊరి రుచిని అంత గట్టిగా నిలబెట్టడం నాకు ఎప్పుడు తలుచుకున్నా గర్వంగా ఉంటుంది.

ఇంకొక్కటి. 1963లో వచ్చిన ‘వెర్మాంట్ కర్రీ’ అనే జపాన్ మసాలా బిళ్లలో ఆపిల్, తేనె కలిపారు, పిల్లలూ తినగలిగేలా. పులుసులో బెల్లం ముక్క వేయనిదే తృప్తిపడని ఉత్తరాంధ్ర వంటింటికి, అందులోనూ అనకాపల్లి బెల్లం పండే నేలకు, ఆ కిటుకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

సపోరోలో మంచు ఎంత? లంబసింగిలో ఎంత?

సపోరోలో ఏటా కురిసే మంచునంతా కొలిస్తే దాదాపు 5 మీటర్లు. ఇరవై లక్షల దరిదాపు జనం ఉన్న నగరానికి ఇంత మంచు ప్రపంచంలోనే అరుదు. సైబీరియా నుంచి వీచే పొడి చలిగాలి జపాన్ సముద్రం దాటుతూ తేమ పట్టుకుని, హొక్కైడో కొండలకు తగలగానే మంచుగా రాలుతుంది. 1972 ఫిబ్రవరిలో చలికాలపు ఒలింపిక్స్ ఇక్కడే జరిగాయి, ఆసియాలో అవే మొదటివి. జపాన్‌కు స్కీయింగ్ నేర్పింది ఆస్ట్రియా-హంగరీ సైన్యాధికారి థియోడోర్ ఫాన్ లెర్ఖ్. 1911 జనవరి 12న నీగాటా ప్రాంతంలోని టకాడాలో సైనికులకు తొలి పాఠం చెప్పారు, మరుసటి ఏడాది హొక్కైడోకూ వెళ్లారు.

మన దేశంలో స్కీయింగ్ చేయాలంటే కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కో, ఉత్తరాఖండ్‌లోని ఔలీకో వెళ్లాల్సిందే. లంబసింగిలో తెల్లవారుజామున గడ్డి మీద తెల్లగా కనిపించేది ఆకాశం నుంచి కురిసిన మంచు కాదు. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు, మబ్బులేని రాత్రి, గాలి కదలని లోయ. పగలు నేల పీల్చుకున్న వేడంతా రాత్రి ఆకాశంలోకి పోతుంది, బరువెక్కిన చలిగాలి లోయలోకి జారి అక్కడే నిలిచిపోతుంది. అప్పుడు ఆకుల మీది తేమ గడ్డకట్టి పొరగా మారుతుంది. చింతపల్లి, లంబసింగి ప్రాంతంలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 0 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. ‘ఆంధ్రా కశ్మీర్’ అన్న పేరు ఊరికే రాలేదు.

ఆ ఎత్తులో నీళ్లు కూడా 100 డిగ్రీల దాకా పోకుండానే మరిగిపోతాయి. సుమారు 97 డిగ్రీలకే తెర్లుతాయి. కందిపప్పు అక్కడ కింద ఊళ్లలో కన్నా కాస్త ఆలస్యంగా ఉడికేది అందుకే.

నోట్లో మంట వేడేనా?

మిరపకాయ నాలుకను కాల్చదు, కాలినట్టు మెదడును నమ్మిస్తుంది. మన నరాల చివర్లలో వేడిని పసిగట్టే ఒక ప్రోటీన్ ఉంది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది మేల్కొని మెదడుకు కబురు పంపుతుంది. మిరపలోని క్యాప్సేసిన్ కూడా సరిగ్గా అదే తలుపు తడుతుంది. ఈ సంగతిని 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం బయటపెట్టింది. 2021లో వైద్యరంగపు నోబెల్ బహుమతిని ఆయన, ఆర్డెమ్ పటపుటియాన్ పంచుకున్నారు. మిరియాల్లోని పైపరిన్ కూడా తడిమేది ఆ తలుపునే, కాకపోతే నెమ్మదిగా. పుదీనా నమిలితే చల్లగా అనిపించడానికి చలిని పసిగట్టే మరో ప్రోటీన్ కారణం.

మెదడు ‘ఒంటికి వేడి తగిలింది’ అనుకోగానే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, ముఖం ఎర్రబడుతుంది, ముక్కు కారుతుంది, చెమట పడుతుంది. చలికి రక్తం ఆడక కొయ్యబారిన వేళ్లలోకి మళ్లీ రక్తం రావడం హాయిగా ఉంటుంది. కానీ ఇక్కడొక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చెమట ఒంటిని చల్లబరిచే ఏర్పాటు. కారం తిని చెమటతో బయట చలిగాలిలో నిలబడితే ఒంట్లోని వేడి ఇంకా తొందరగా పోతుంది. కాబట్టి ఘాటు చారు తాగాల్సింది కొండ దిగి, పొడిబట్టలు మార్చుకుని, నాలుగు గోడల మధ్య కూర్చున్నాక. సపోరో వాళ్లు చేసేదీ అదే.

మద్యం సంగతి కూడా చెప్పక తప్పదు. లంబసింగిలో నెగడు చుట్టూ సీసాలు తెరిచే కుర్రాళ్లు ఏటా కనిపిస్తున్నారు. మద్యం చర్మపు రక్తనాళాల్ని తెరిచి వెచ్చగా ఉందన్న భ్రమ కలిగిస్తుంది, లోపలి వేడిని మాత్రం బయటికి తోడేస్తుంది. చలికి వణుకు పుట్టించి ఒంటిని కాపాడే ఏర్పాటును కూడా మందగింపజేస్తుంది. ఆ తర్వాత ఘాట్ రోడ్డు, పొగమంచు, మలుపులు. దయచేసి వద్దు.

చలిలో దాహం తెలియదు

ఎండలో నడిస్తే నీళ్లు అడుగుతాం. చలిలో అడగం. కానీ నీళ్లు పోతూనే ఉంటాయి. నోటి నుంచి వచ్చే ఆ తెల్లటి ఆవిరి మన ఒంటి నీరే. పైగా చలికి చర్మం కింది రక్తనాళాలు బిగుసుకుని రక్తం ఒంటి లోపలివైపు చేరుతుంది, నీరు ఎక్కువైందనుకుని మూత్రపిండాలు తోడేస్తాయి. చలికాలం మాటిమాటికీ లేవాల్సి రావడానికి కారణం అదే. స్కీయింగ్ చేసినా, కొండెక్కినా కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం కరుగుతుంది, చెమటలో ఉప్పు పోతుంది.

ఇప్పుడు ఆ సూప్ కర్రీ గిన్నెలో ఏముందో చూడండి. నీరు, ఉప్పు, అన్నంలో పిండిపదార్థం, కోడిలోనో గుడ్డులోనో మాంసకృత్తులు. పోయినవన్నీ ఒకే విడతలో వెనక్కి వస్తున్నాయి. చారన్నం, పక్కన ఒక గుడ్డు పెట్టుకున్నా లెక్క సరిపోతుంది. ఒంటిని నిజంగా వెచ్చబరిచేది ఈ వేడి నీరు, ఈ తిండి. కారం చేసేది నోరూరించడం, రక్తాన్ని చర్మం దాకా పిలవడం.

పోపు ఎందుకు తేలాలి?

వేడి గిన్నె చల్లారడానికి పెద్ద కారణం పైనుంచి లేచే ఆవిరి. పైన పల్చటి నూనె పొర ఉంటే ఆవిరి తగ్గుతుంది, రసం ఎక్కువసేపు వేడిగా ఉంటుంది. సూప్ కర్రీ మీద తేలే మసాలా నూనె, మన చారు మీద తేలే నేతిపోపు రెండూ ఈ పని చేస్తాయి. మసాలా దినుసుల వాసనలు చాలావరకు నూనెలో కరిగేవి, నీళ్లలో కరగవు. అందుకే ఇంగువను చారులో నేరుగా వేయం, నేతిలో వేసి పొంగనిస్తాం.

కారం ఎక్కువైతే నీళ్లు తాగినా తగ్గకపోవడానికీ ఇదే మూలం. క్యాప్సేసిన్ నీళ్లలో కరగదు. పాలు, పెరుగుల్లో ఉండే కేసిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని నాలుక మీంచి లాగేస్తుంది. గుంటూరు మిరపతో చేసిన పచ్చడి తర్వాత పెరుగన్నం తినే మన వరస శాస్త్రం రాకముందే కుదిరిన వరస.

మిరపకాయ మనకూ జపాన్‌కూ అతిథే

అమెరికా ఖండాల్లో పుట్టిన మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల వెంట ఆసియాకు వచ్చింది. అంతకుముందు తెలుగు వంటలో ఘాటంటే మిరియం, పిప్పలి, అల్లం, ఆవాలు. ఆ పాత ఘాటు నేటికీ బతికి ఉన్నది మనకు కనుచూపు మేరలో, చింతపల్లి, పాడేరు కొండల మీద.

కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగ పాకిస్తారు. ఒకే నేలలో కింద కాఫీ, పైన మిరియాలు. గుత్తిలో ఒకటి రెండు గింజలు నారింజ రంగుకు తిరగగానే కోసి, ఎండబెడితే నాలుగైదు రోజుల్లో ముడుచుకుని నల్లబడతాయి. తెల్ల మిరియాలు వేరే మొక్కవి అనుకునేవాళ్లున్నారు. రెండూ ఒకే తీగవి, పండిన గింజ పై తొక్క తీసేస్తే తెల్లవి. ఇదే కొండల్లో పిప్పలిని వేళ్లకోసం కూడా సాగు చేస్తారు. ఆ ఎండిన వేరే మనం బాలింత కాయంలో వేసే మోడి. పిప్పలి, మిరియం ఒకే కుటుంబపు తీగలు, రెండింటి ఘాటూ పైపరిన్‌దే.

పసుపుకూ మిరియానికీ ఉన్న పొత్తు సంగతి మీకు తెలుసా? పసుపులోని కుర్కుమిన్‌ను ఒళ్లు చాలా తక్కువగా పట్టుకుంటుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు మనుషులకు 2 గ్రాముల కుర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చి చూస్తే, ఒంటికి అందిన కుర్కుమిన్ 20 రెట్లు పెరిగినట్టు తేలింది. చారులో రెండూ కలిపి వేయమని ఏ ప్రయోగశాల చెప్పిందని మనవాళ్లు వేశారు?

మన సూప్ కర్రీ

నలుగురికి రెండు చెంచాల మిరియాలు, ఒక చెంచా జీలకర్ర, అరచెంచా ధనియాలు, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచండి. నిమ్మకాయంత చింతపండు రసంలో పసుపు, ఉప్పు, చిన్న బెల్లంముక్క వేసి మరగనిచ్చి, దంచిన పొడి చివర్లో వేయండి. మిరియపు వాసన ఆవిరితో పోయే రకం, ఎక్కువసేపు మరిగిస్తే ఘాటు మిగులుతుంది కానీ పరిమళం పోతుంది. నేతిలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు. వంకాయ, గుమ్మడి, బెండకాయ ముక్కల్ని నూనెలో విడిగా వేయించి వడ్డించే ముందు వేసుకుంటే సపోరో పద్ధతి కుదిరినట్టే. కోడి ఉడికించిన నీళ్లుంటే చింతపండు తగ్గించి అవి కలపండి. శాకాహారులకు ఉలవలు ఉడికించిన కట్టు అంతకన్నా చిక్కగా, కమ్మగా ఉంటుంది.

లంబసింగి దారిలో బొంగులో చికెన్ దొరుకుతోంది, వేడి నూడుల్స్ దొరుకుతున్నాయి, టీ ఎలాగూ ఉంది. మిరియాల చారు గ్లాసుతో ఇచ్చే బండి మాత్రం వెతుక్కోవాలి. పక్క కొండమీద పండే మిరియం పక్కనున్న గ్లాసులోకి రాకపోవడం బాధగా ఉంటుంది. నర్సీపట్నంలో, చింతపల్లిలో హోటల్ నడిపేవాళ్లు ఈ చలికాలం ఒక్క గిన్నె పొయ్యి మీద పెట్టి చూడాలి. తెల్లవారుజామున ఘాట్ దిగివచ్చే ఒక్క కారు కూడా ఆగకుండా పోదని నా నమ్మకం.

మీరు ఈసారి కొండెక్కితే తిరిగివచ్చేటప్పుడు గిరిజన సంతలోనో, 1956 నుంచి అడవి పంటలు కొంటున్న గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో పావుకిలో మిరియాలు, కాస్త పసుపు కొని తెచ్చుకోండి.